కాగితం తట్ట అడుగున

నాకు కోపం ఎక్కువ. దాచుకునేదేమీ లేదు. మా ఆయన కోటేశ్వర్లు లారీ తోలతాడు. లోడు బండికి బ్రేకులు పట్టనప్పుడు కూడా, మా కృష్ణకుమారి గొంతు పెంచినప్పుడు పడినంత భయం పడనని తోటి డ్రైవర్లతో చెప్పుకుంటాడు. ఆ కోపంలో నేను చేసిన పనుల్లో చాలావాటికి నాకు విచారం లేదు. ఒక్కదానికి ఉంది. అది నాకు తెలిసింది 1989లో, మా నరసరావుపేట ఇంటి పెరట్లో, నీళ్ళ గోలెం ముందు కూర్చున్నప్పుడు.

మా రత్నం అప్పుడు రెండో క్లాసు. బళ్ళో చేతిపనుల ఎగ్జిబిషన్ పెడుతున్నారనీ, ఇంట్లో వాళ్ళ దగ్గర నేర్చుకుని ఏదో ఒకటి చేసుకురావాలనీ టీచరు చెప్పిందట. పక్కింటి పిల్ల అగ్గిపెట్టెలతో రైలు చేస్తోంది. మా రత్నానికి మాత్రం అమ్మమ్మ చేసే కాగితం తట్టే కావాలి. అదృష్టం కొద్దీ అమ్మ మాచర్ల నుంచి వచ్చి పది రోజులుగా మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మ నాగేంద్రమ్మకు కాగితం తట్టల్లో పేరుంది. పాత కాగితాలు చించి నాలుగు రోజులు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో మెత్తగా రుబ్బుతుంది. బోర్లించిన కుండ మీద తడిగుడ్డ కప్పి ఆ గుజ్జు మెత్తుతుంది. ఆరాక కుండ తీసేస్తే తట్ట మిగులుతుంది. లోపలా అడుగునా మైదా జిగురుతో మంచి కాగితం అంటించి, చివరికి బెండకాయను అడ్డంగా కోసి కుంకుమ నీళ్ళలో ముంచి చుట్టూ పువ్వుల అచ్చులు వేస్తుంది. మెంతుల వల్ల పురుగు పట్టదు. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ, మాచర్లలో మా వీధిలో ఆమె చేతి తట్ట లేని ఇల్లు లేదు.

నా పెళ్ళికి నాకూ ఒకటి ఇచ్చింది. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో మరమరాల ఉండలైనా నువ్వుండలైనా అందులోనే. రత్నం నడక నేర్చిందే ఆ తట్ట అందుకోవడానికి.

ఎగ్జిబిషన్ సోమవారం. మా రత్నం మహాతల్లి ఆ సంగతి మాకు చెప్పింది బుధవారం రాత్రి. కొత్త కాగితాలు నానాలంటేనే నాలుగు రోజులు. అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. మా పాత తట్ట అంచును ఎలుక కొరికింది. ఎటూ పాడైందే కదా. పైగా ఒకసారి రుబ్బిన గుజ్జు, వేడినీళ్ళు పోస్తే పూటలో మెత్తబడుతుంది.

"ఆ తట్ట జోలికి పోబాక," అంది అమ్మ.

"ఏం, పాడైందిగా."

"పాడైతే పాడైంది. నీ పెళ్ళికిచ్చిందే అది. ఏరే కాగితాలు నేను చించుతా."

"నాలుగు రోజులు ఎవరు కూర్చుంటారమ్మా?"

"కిష్ణా, నా మాట విను. దాన్నట్టాగే బళ్ళోకి పంపించు. తడపబాక."

పెళ్ళినాడు తట్ట నా చేతికిస్తూ కూడా ఇదే అంది, అడుగు తడవనీబాకమ్మాయ్ అని. తన చేతిపని మీద మురిపెం అనుకున్నాను. ఇక వద్దన్న పని చెయ్యడమంటే నాకు పుట్టుకతోనే సరదా. గురువారం పొద్దున ఉండలు డబ్బాలోకి మార్చి, తట్టను గోలెంలో పెట్టి వేడినీళ్ళు పోశాను. అమ్మ వెళ్ళి వీధి అరుగు మీద కూర్చుంది. కాఫీకి పిలిచినా లోపలికి రాలేదు.

మధ్యాహ్నానికి అడుగు పొరలు ఊడాయి. పైది పాత క్యాలెండరు కాగితం. దాన్ని బళ్ళోంచి అన్నానికొచ్చిన రత్నం ఒడుపుగా లాగేసింది. దానికింద ఇంకో తెల్లకాగితం ఉంది. చించలేదు, నలపలేదు. నాలుగు మూలలకూ జిగురు రాసి చదునుగా అంటించారు. రత్నం అప్పుడప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. తడి కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం పలికింది.

"అమ్మా, ఇందులో నీ పేరుందే."

చూశాను. ఆ కాగితంలో ప్రతి అక్షరం నాకు నోటికొచ్చు. ఒంగోలులో టీచరు ట్రైనింగుకు కుమారి కృష్ణకుమారిని ఎంపిక చేశామనీ, ఈ అసలు కాగితం తీసుకుని పదిహేను రోజుల్లో వచ్చి చేరాలనీ టైపు చేసిన ఉత్తరం. రుబ్బుడులో పోయిందని నేను ఏడ్చి, ఊరందరికీ చెప్పుకున్న ఉత్తరం.

1980లో సంగతి. మాచర్లలో మా గోడకు ఆనుకుని నూర్ మొహమ్మద్ బాబాయి ఇల్లు. మోటార్లు వైండింగ్ చేసేవాడు. ఆయన కూతురు జీనత్‌దీ నాదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ. ట్రైనింగుకు ఇద్దరం దరఖాస్తు పెట్టాం. నాకొచ్చింది, దానికి రాలేదు. నా ఉత్తరం వచ్చిన రోజు వీధంతా తిరిగి చెప్పింది అదే.

ఒక శనివారం సర్టిఫికెట్ల మీద ఆఫీసరు సంతకాల కోసం గురజాల వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి గూట్లో ఉత్తరం లేదు.

"గూట్లో కాగితాలన్నీ చించి, నానినవాటితో కలిపి రుబ్బేశాం," అంది అమ్మ.

"ఎవరు చించారు?"

"జీనతే చించింది."

అంతే అంది. జీనత్ రోజూ వచ్చి తట్టల పనిలో అమ్మకు సాయం చేసేది, పాత కాగితాలు చించేది అదే, కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. నేను గుజ్జు గోలెం పెరట్లో బోర్లించి, అంతా వేళ్ళతో కెలికాను. ఏమీ మిగల్లేదు. తనకు రాని సీటు నాకొచ్చిందని కడుపుమంటతో చేసిందని నిమిషంలో తేల్చేశాను. వెళ్ళి దాని రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాను.

"నీకేం తెలియదని మీ ఖురాను మీద ప్రమాణం చెయ్యి."

నూర్ మొహమ్మద్ బాబాయే చేతులూ కాళ్ళూ కడుక్కుని, పచ్చగుడ్డలో చుట్టిన గ్రంథాన్ని బయటికి తెచ్చాడు. "చెప్పమ్మా, మనకేం భయం," అన్నాడు. వీధి వీధంతా చేరింది. జీనత్ చెయ్యి ఎత్తలేదు.

"నీ కాగితం నేను తియ్యలా, నేను చించలా," అంది. "ప్రమాణం మాత్రం చెయ్యను."

"చెయ్యదంట, విన్నారుగా," అని నేను అందరికీ వినపడేలా అరిచాను. బాబాయి గ్రంథాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి, తలొంచుకుని లోపలికి పోయాడు. అమ్మ మా గడపలో నిలబడి ఉంది. చేతిలో అప్పుడే అచ్చులు వేసిన కొత్త తట్ట, పువ్వులింకా తడారలేదు.

ఒంగోలు వెళ్ళాను. కాగితం లేనిదే చేర్చుకోం అన్నారు. సీటు జాబితాలో వెనకవాళ్ళకు పోయింది. నాలుగు నెలల్లో నా పెళ్ళి అయింది. జీనత్ దగ్గరికి ప్రైవేటు చదువుకొచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. దొంగ దగ్గరికి పంపుతారా అని నేనే అందరి దగ్గరా అన్నాను. తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు మాచర్ల వెళ్ళినా, అది ఎదురైతే రోడ్డుకు అవతలి పక్కకు మారిపోయేదాన్ని.

ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందు, నా పేరుతో సహా. పొరపాటున గోలెంలో పడిన కాగితమైతే ముక్కలై పిండైపోవాలి. మూలలకు జిగురు ఎవరు రాస్తారు?

ఉత్తరాన్ని పళ్ళెంలో పెట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. అమ్మ తల తిప్పి పళ్ళెంలోకి చూసింది.

"ఊడొచ్చిందా," అంది.

"నువ్వేనా?"

"నేనే."

గొంతు చించుకుని అరుస్తాననుకున్నాను. కానీ పళ్ళెం పట్టుకుని పక్కనే చతికిలబడ్డాను. అమ్మ నా మొహం చూడకుండా, వీధిలోకి చూస్తూ చెప్పింది.

"పెద్దదాన్ని హాస్టలుకు పంపించా. మీ అక్క సుబ్బరత్నానికి కామెర్లని కబురన్నా పెట్టలా వాళ్ళు. ఊపిరి లేనిదాన్ని కారులో పడుకోబెట్టి తెచ్చారు. నువ్వూ పెట్టె సర్దుకుంటంటే నాకు అన్నం దిగలా."

"వద్దని చెప్పొచ్చుగా."

"చెప్తే వింటావా నువ్వు? ఎప్పుడన్నా విన్నావా?"

ఆ పొద్దున కూడా వినలేదు.

"రోట్లో ఏశా," అంది అమ్మ. "మళ్ళీ తీశా. దాంట్లో నీ పేరుంటదిగదా. నీ పేరు మీద పొత్రం ఎట్టా తిప్పేది? అందుకని తట్ట అడుగునేశా. నీది నీతోనే పంపించా."

రత్నం గడపలోకి వచ్చి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆ తట్టలోంచి ఎన్ని ఉండలు తీసి పెట్టానో దానికి. తీసిన ప్రతిసారీ నా ఉద్యోగం నా వేళ్ళకు బెత్తెడు దూరంలో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి.

"మరి జీనతు?" అన్నాను. "దాన్ని వీధిలో నిలబెట్టినప్పుడు నువ్వు గడపలోనే ఉన్నావుగా."

అమ్మ పమిట మొహానికి కప్పుకుంది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే మాచర్ల వెళ్ళాను. నూర్ మొహమ్మద్ బాబాయి పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన మోటార్ల షాపు ఇప్పుడు జీనత్ మొగుడు ఇక్బాల్ చూస్తున్నాడు. తలుపు జీనతే తీసింది. జుట్టులో అప్పుడే అక్కడక్కడా తెలుపు. నన్ను చూసి కాసేపు తలుపు పట్టుకునే నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది.

సంచిలోంచి ఉత్తరం తీసి మంచం మీద పరిచాను. జీనత్ దాన్ని చేత్తో ముట్టుకోలేదు.

"ఊడొచ్చిందా," అంది.

అచ్చం మా అమ్మ అన్న మాటే.

"నీకు తెలుసా?"

"మీ అమ్మ అంటించేటప్పుడు జిగురు గిన్నె పట్టుకుంది నేనే. పిన్నమ్మా, ఇది కిష్ణ కాగితం అన్నా. నా రెండు చేతులూ పట్టుకుంది. చెప్పబాకమ్మా, ఒకదాన్ని మట్టిలో పెట్టానంది. మాటిచ్చా. పొద్దుగూకేలోపు ఆమే మనసు మార్చుకుని తీసిస్తదిలే అనుకున్నా. పొద్దుగూకేసరికి నువ్వొచ్చి నా రెక్క పట్టుకున్నావు."

"అప్పుడన్నా చెప్పొచ్చుగదే."

"చెప్తే మళ్ళీ మీ అమ్మ మొహం చూసేదానివా? నీ కోపం నాకు తెలియదా?"

నేను మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. జీనత్ గొంతు పెంచలేదు. చిన్నప్పుడు లెక్కలు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది.

"నీకేం తెలియదని ప్రమాణం చెయ్యమన్నావు. నాకు తెలుసు. ఖురాను మీద అబద్ధం ఎట్టా ఆడేది? నువ్వు తీశావా అని అడిగుంటే అప్పుడే చెయ్యి పెట్టేదాన్ని. నువ్వట్టా అడగలా."

"బాబాయికన్నా చెప్పావా?"

"లేదు. పోయే ముందు కూడా అడిగాడు, నిజం చెప్పు బిడ్డా అని. అల్లాకు తెలుసులే అబ్బాజాన్ అన్నా. అటు తిరిగి పడుకున్నాడు."

ఆ మాట తర్వాత నేను ఆ గదిలో కూర్చోలేకపోయాను. నాకు చేతనైంది ఒక్కటే, అరవడం. లేచి వీధిలోకి వెళ్ళాను. ఆనాడు దాన్ని నిలబెట్టిన చోటే నిలబడ్డాను. ఎదురింటి రాఘవమ్మ బియ్యం చెరుగుతోంది. ఆనాడు అందరికంటే ముందొచ్చి చూసింది ఆమే.

"రాఘవమ్మత్తా, అందర్నీ పిలువు," అన్నాను. "ఆ కాగితం సంగతి నేను చెప్పాలి. జీనతు..."

వెనక నుంచి జీనత్ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"ఏం లేదత్తా, చానాళ్ళకొచ్చింది, ఎగిరెగిరి పడతంది," అని రాఘవమ్మకు చెప్పి నన్ను లోపలికి లాగి తలుపు వేసింది.

"వదులు జీనతూ. నీ పేరు పాడుచేసింది నేను. నన్ను చెప్పనీ."

"చెప్తే ఎవరి పేరు పాడైద్ది? ఈ వయసులో మీ అమ్మ ఈ వీధిలో తల ఎత్తుకుని నడవొద్దా? నేను మాటిచ్చా."

"అయితే నేనేం చెయ్యాలి?"

జీనత్ తలుపు గడియ పెట్టి నా వైపు తిరిగింది.

"మీ అమ్మ మీద నాకు కోపం లేదు," అంది. "ఆమె బిడ్డ పోద్దని భయపడింది. నీకేం భయం? పదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా జీనతు అట్టా చెయ్యదని నీకు ఒక్కసారన్నా అనిపించలా?"

అనిపించలేదు. ఆనాడు గానీ, ఈ తొమ్మిదేళ్ళలో గానీ ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ మాట దాని మొహం మీద చెప్పలేకపోయాను. జీనత్ లోపలికి వెళ్ళి టీకి పొయ్యి వెలిగించింది. మంచం మీద ఉత్తరం ఫ్యాను గాలికి ఎగరకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని, జీనత్ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను.