అత్త చెట్టుకు క్షవరం

తిరుపతమ్మ చనిపోయి మూడేళ్ళయినా కొడుకు కైలాసం మీద పెత్తనం మాత్రం వదల్లేదు. పోతూపోతూ, "నేను పెట్టిన కానుగకు కత్తి తగిలిందో, నీ సంగతి సూస్త" అని ఊరంతా వినేటట్టు చెప్పి, కొడుకుతో మాట ఇప్పించుకుని మరీ పోయింది. ఆ చెట్టు గట్టు మీద ఆవిడలాగే ఒళ్ళు చేసి, సగం మడిని నీడలో కూర్చోబెట్టింది.

సాగర్ కాలువ నీళ్ళొచ్చాక గరిడేపల్లి చుట్టూ జొన్నచేలన్నీ వరిమళ్ళయ్యాయి. కైలాసం మడిలో మాత్రం వరి కామెర్లొచ్చినట్టు పసుపెక్కింది.

"ఈసారి గూడ గిట్లనే అయితే మడి కౌలుకిచ్చి, మిర్యాలగూడ మిల్లుల బస్తాలు మోస్త," అన్నాడు భార్య ఆండాళుతో.

మిల్లు పక్క గుడిసెలో ఊక దుమ్ము మింగుతూ బతకడం ఆమె వల్ల కాదు. ఆమె పుట్టిల్లు కోదాడ వైపు. అక్కడ ఏటా కానుగ కొమ్మలు కొట్టి, ఆ పచ్చిరొట్టను ఎరువుగా బురదలో తొక్కి నాట్లు వేస్తారు.

రైతులకు సేద్యం సలహాలిచ్చే గ్రామసేవకుడు ప్రభాకర్ కూడా అదే చెప్పాడు. గట్టు తవ్వి కానుగ వేరు చూపించాడు. "ఈ బుడిపెలు గాలిల ఉన్న నత్రజనిని పట్టి చెట్టుకు పెడతయి. కొమ్మలు కొడితే కొన్ని వేళ్ళు సచ్చి, ఆ బలం మట్టిల కలుస్తది. రొట్ట మురిగితే ఇంకింత. చెట్టు మళ్ళ చిగురేస్తది."

"బుడిపెలుంటే దవాఖానకు తీస్కపోవాలె గని, కొమ్మలు నరుకుతరా సారూ?" అన్నాడు కైలాసం.

ప్రభాకర్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

బోనాల నాడు డప్పు జోరందుకుంది. ఆండాళు నెత్తిమీది బోనం దించి, జుట్టు విరబోసి, కేక పెట్టింది.

"ఒరే కైలాసం! నేన్రా, మీ అమ్మను!"

డప్పు ఆగింది. కైలాసం చేతులు కట్టుకున్నాడు. "ఏమైందే అమ్మా?"

"తల బరువైతుందిరా! మూడేండ్ల సంది క్షవరం లేదు. నా కొమ్మలు కొట్టి మడిల తొక్కు. మొదలు ముట్టినవో, సూస్కో!"

"కత్తి తగలొద్దంటివి గదనే?"

"సావుబతుకుల మీదుండి ఏదో అన్న. సచ్చినంక బుద్ధొచ్చింది!"

"బతికుండంగ రాలే," అని పక్కింటి ముసలి లీలావతి గొణిగింది.

మర్నాడే కైలాసం చెట్టెక్కాడు. రొట్ట మురిగి మడి కంపు కొడుతుంటే, పక్క మడి వాళ్ళు ముక్కులు మూసుకుని, "ముసల్ది యాడున్నా గింతే," అన్నారు. నాట్లు కుదురుకున్నాక మాత్రం నోళ్ళు కూడా మూసుకున్నారు. నీడ పోయిన చోట సైతం వరి నల్లగా దుబ్బు కట్టింది. కానుగ కూడా సిగ్గులేకుండా చిగురేసింది. కౌలు ముచ్చట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కోతలప్పుడు గట్టు మీద సద్ది తింటూ కైలాసం అన్నాడు: "వచ్చే బోనాలకు అమ్మను మళ్ళ రమ్మను."

"వస్తుందో రాదో నాకేం తెలుసు?" అంది ఆండాళు తల దించుకుని.

"రాంగనే ముందుగాల కల్లడుగుమను. మా అమ్మ కల్లడగకుండ చెట్టు ముచ్చట తీసిందంటే ఎవడు నమ్ముతడే?"

ఆండాళు చప్పున తలెత్తింది. "తెలిసే కొమ్మలు కొట్టావా?"

"ఊరంత వినంగ మాటిస్తి. దాన్నుంచి నన్ను ఇడిపియ్యాలంటే అమ్మే రావాలె గద!"

"మరి ఆ కల్లు ఎవరు తాగాలి?"

"ఒక్కగానొక్క కొడుకును, నేను లేనా?"