తడి ఆరని కుండీ

ముప్పై ఎనిమిదేళ్లుగా మా ఆయన కియోహారు నన్ను పిలిచే పిలుపు "ఓయ్". నా పేరు నోబుయే అని ఆయనకు తెలియక కాదు, ఏదైనా దరఖాస్తు నింపేటప్పుడు తప్పు లేకుండానే రాస్తాడు. చెట్లను మాత్రం ఎంత చిన్నవాటినైనా "వీరు", "వారు" అంటాడు. మా పెరట్లో చెక్కబల్లల మీద, కుండీల్లో పెంచే మరుగుజ్జు చెట్లు, అలాంటి "వారు" నలభై ముగ్గురున్నారు.

వాళ్లందరిలో పెద్దాయన ఒక జునిపర్ చెట్టు. ఎత్తు మూరెడుకు మించదు, వయసు మాత్రం నూట ఇరవై. కాండంలో ముప్పావు వంతు ఎన్నడో ఎండిపోయి తెల్లగా తేలింది. ఆ తెలుపు పక్కనే వేలెడు వెడల్పున ఎర్రటి బెరడు ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. వేళ్లు తాగిన నీళ్లు ఆకులకు చేరేది ఆ ఒక్క దారిలోనే. దాన్ని మేం నీటినరం అంటాం.

ఆ చెట్టు మాది కాదు. మా ఆయన "సెన్సేయ్" అని పిలిచే గురువు షిగెమోరిగారిది, అంతకుముందు ఆయన గురువుది. పదకొండేళ్ల క్రితం షిగెమోరిగారు దాన్ని మా ఇంటికి తెచ్చి, నీ తర్వాతివాడికి అప్పగించేదాకా జాగ్రత్తగా చూసుకోమన్నారు. ఆ ఒక్క మాటతో ఓమియాలో మా పేట బోన్సాయ్ సంఘానికి మా ఆయన అధ్యక్షుడైపోయాడు. చెట్టు పోతే ఆ కుర్చీ కూడా పోతుంది. కుర్చీ పోయిన మా ఆయనతో ఇరవైనాలుగు గంటలూ ఇంట్లో వేగాల్సింది నేను. అందుకే ఆ చెట్టు పచ్చగా ఉండాలని ఆయన కంటే నేనే ఎక్కువగా కోరుకునేదాన్ని.

దాని మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం నాకు అనుమతి లేదు. కత్తెర ముట్టకూడదు, కొమ్మలు వంచే రాగితీగ చుట్టకూడదు. నాకంటూ ఉన్నది ఒక గడ్డి మొక్క. అది జునిపర్ కుండీలోనే మొలిస్తే మా ఆయన పట్టకారుతో పీకి అవతల పారేశాడు. నేను దాన్ని ఏరుకుని, అంచు విరిగిన సాకే గిన్నెలో, అంటే సారా తాగే చిన్న గిన్నెలో, నాటి వంటింటి కిటికీలో పెట్టుకున్నాను. ఆయన దాన్ని "నీ కలుపు" అంటాడు.

ఆగస్టు ఆఖరున మా ఆయనకు పిత్తాశయంలో రాళ్లు తీయాల్సి వచ్చింది. పద్దెనిమిది రోజులు ఆసుపత్రి. బయలుదేరే ముందు రెండు పేజీల సూచనలు రాసి నా చేతిలో పెట్టాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ముందు ఆకుల మీద, తర్వాత మట్టికి. తన ఆపరేషన్ గురించి ఆ పేజీల్లో ఒక్క ముక్క లేదు.

నేను తు.చ. తప్పకుండా పోశాను. ఆ ఎండలకు తక్కిన కుండీలన్నీ మధ్యాహ్నానికల్లా ఎండి తెల్లబడేవి. జునిపర్ కుండీ ఒక్కటే సాయంత్రం కూడా తడిగా ఉండేది. పెద్దాయన కదా, నిదానంగా తాగుతున్నాడు కాబోలు అనుకున్నాను. నా తెలివికి ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

పదో రోజున నేనొక తప్పు చేశాను. బడిలో కలిసి చదువుకున్నవాళ్లం నలుగురం అటామీకి వెళ్లి వేడినీటి బుగ్గల్లో మునిగి, ఒక రాత్రి సత్రంలో ఉండి వచ్చాం. ఒక సాయంత్రం, ఒక ఉదయం నీళ్లు తప్పాయి. తిరిగొచ్చి చూస్తే తక్కిన చెట్లు కొంచెం వాడినా నీళ్లు పడగానే తేరుకున్నాయి. జునిపర్ పచ్చగానే ఉంది కానీ, కొసలు తాకితే చీపురు పుల్లల్లా గరగరమన్నాయి. జునిపర్‌తో వచ్చిన చిక్కే అది. చచ్చాక కూడా రెండు నెలలు పచ్చగా నిలబడుతుంది. ముప్పై ఎనిమిదేళ్లు వినీ వినీ ఆ మాత్రం నాకూ తెలుసు.

మా ఆయన ఇంటికొచ్చాక నేను నోరు విప్పలేదు. అటామీ నుంచి తెచ్చిన ఎండుచేపల పొట్లం అల్మారా వెనక దాచేశాను. నోటితో చెప్పలేని క్షమాపణ వంటతో చెప్పుకున్నాను. వారానికి రెండుసార్లు ఖరీదైన ఈల్ చేప కాల్చి అన్నం మీద వేసిపెట్టాను, వద్దన్నా కాళ్లు పట్టాను. ఆయన అన్నీ చేయించుకున్నాడు. చెట్టును రోజూ చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. చూపు మందగించిందనుకుని జాలిపడి క్యారెట్లు కూడా వండాను.

అక్టోబరు రెండో ఆదివారం పేట సమావేశ మందిరంలో మా సంఘం ప్రదర్శన. షిగెమోరిగారికి ఎనభై ఆరేళ్లు. ఈసారి ఆ జునిపర్‌ను చూడాలనుందని ఆయనే కబురు పెట్టారు కాబట్టి తప్పించుకునే వీల్లేదు. మా ఆయన మాత్రం ఎన్నడూ లేనిది, అధ్యక్షుణ్ణి కదా, వెనకే ఉంటానని చీకటి మూల అడిగి తీసుకున్నాడు. మొదటి బహుమతి కుర్రవాళ్లకు రావాలని కూడా అందరితో అన్నాడు. ఆపరేషన్‌లో రాళ్లతో పాటు అహంకారం కూడా తీసేశారేమో అనుకున్నాను.

ముందురోజు మధ్యాహ్నం ఆయన మందిరంలో బల్లలు సర్దుతుంటే, కుండీ తుడిచే పని నాకు పడింది. తడి కుంచెతో నీటినరం మీద దుమ్ము దులుపుతూ కింది దాకా వచ్చాను. కాండం మొదట్లో ఉన్న నాచు కొంచెం కదిలింది. దాని కింద, గాయాలకు పూసే మందు ముద్ద గోధుమరంగులో కనిపించింది. గోటితో గీరాను. అడ్డంగా నున్నటి కోత. తెలుపును ఇంకొంచెం వెడల్పు చేసి ప్రదర్శనలో అందరినీ నోరెళ్లబెట్టించాలని మా ఆయన ఉలి పట్టాడు, ఉలి జారింది, నరం తెగింది. మందు ముద్ద మీద ఆయన బొటనవేలి ముద్ర కూడా ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆ కుండీ ఎందుకు ఆరలేదో. నేను అటామీ రైలెక్కడానికి చాలా ముందే, ఆయన ఆసుపత్రికి వెళ్లకముందే, అది నీళ్లు తాగడం మానేసింది. చచ్చిన చెట్టును రెండు పేజీల సూచనలతో సహా నా చేతిలో పెట్టి వెళ్లాడు మహానుభావుడు. తిరిగొచ్చి నా ఈల్ చేపలన్నీ నోరు మెదపకుండా తిన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నాచు మళ్లీ యథాప్రకారం సర్దేశాను. ఈయన ఎంతదాకా వెళ్తాడో చూడాలనిపించింది.

ప్రదర్శనలో చెట్టు పక్కన ఒక చిన్న తోడుమొక్క పెట్టడం మా పద్ధతి. ఆ రెండూ కలిపి పెట్టిన చోటును అర అంటాం, బహుమతి కూడా అర మొత్తానికే. ఈ గొడవలో మా ఆయన తోడుగా పెట్టాల్సిన తన ఫెర్న్ మొక్క సంగతి మరిచాడు, అది మాడిపోయింది. ఆదివారం పొద్దున్న హడావిడిగా వంటింట్లోకి వచ్చి, నా సాకే గిన్నెను కిటికీలోంచి తీసుకుపోయాడు. చలి మొదలై గడ్డి కొసలు ఎర్రబడ్డాయి. చీకటి మూలలో కూడా అది కనిపిస్తూనే ఉంది.

షిగెమోరిగారు చేతికర్ర ఊతంతో ఒక్కో చెట్టు ముందూ ఆగుతూ వచ్చారు. జునిపర్ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఒక కొస తాకారు. చూపుడువేలు మట్టిలో గుచ్చి, తడి వేలిని పైకి తీసి చూసుకున్నారు. చుట్టూ పాతికమంది సభ్యులున్నారు.

"నీళ్లెవరు పోస్తున్నారు?" అని అడిగారు.

మా ఆయన వంగి దణ్ణం పెట్టాడు. "నేను ఆసుపత్రిలో ఉన్నాను సెన్సేయ్. ఆగస్టు నుంచీ అంతా ఈవిడే చూసుకుంది."

ఆ మాట కోసమే కాబోలు నేను ముందురోజు నుంచీ కాచుకుని ఉన్నది. అయినా విన్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి. చెట్టు పోయినందుకు కాదు. ఇన్నేళ్లు ఇలాంటి మనిషి పక్కనా నేను పడుకున్నది అని.

"అవునండీ, నీళ్లు పోసింది నేనే," అన్నాను. "ఉలి పట్టింది మాత్రం నేను కాదు. నాచు కింద చూడండి, పట్టినవారు వేలిముద్ర కూడా వేశారు."

షిగెమోరిగారు నాచు ఎత్తి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకు లేదని ఆ ముఖమే చెప్పింది. ఆయన నా సాకే గిన్నె వైపు చేతికర్ర చూపించి, అదెవరిదని అడిగారు.

"అది లెక్కలోది కాదు సెన్సేయ్," అన్నాడు మా ఆయన. "ఈవిడ కలుపు."

"మొదటి బహుమతి ఈ అరకే," అన్నారు షిగెమోరిగారు, అందరికీ వినబడేలా.

చప్పట్లు మోగాయి. మా ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. బహుమతి పొందిన అరను మరుసటి ఏడు అదే చెట్టుతో, అదే తోడుమొక్కతో మళ్లీ నిలబెట్టి చూపించాలని మా సంఘంలో నియమం. ఒక్కరోజు తళుకుకు పేరు రాకూడదని షిగెమోరిగారే ముప్పై ఏళ్ల క్రితం పెట్టారు. వెళ్లబోతూ ఆయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు దాకా నేను బతికే ఉంటాను, బెంగపెట్టుకోకు అన్నారు.

ఇంటికి నడిచి వచ్చాం. ఆయన చేతిలో చెట్టు, నా చేతిలో గిన్నె. రైలుగేటు దగ్గర బండి పోయేదాకా ఆగాల్సి వచ్చింది. గేటు లేచాక కూడా ఆయన కదల్లేదు.

"నోబుయే," అన్నాడు. "వచ్చే ఏడు ఏం చేద్దాం?"

పేరు బానే గుర్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం ఆయన మీద జాలేసింది. అటామీ ఎండుచేపలు బయటికి తీసి వండిపెడదామా అని కూడా అనిపించింది. కానీ జాలి ఆ పట్టాలు దాటేదాకానే ఉంది.

"నీళ్లు పోద్దాం," అన్నాను. "ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముందు ఆకుల మీద, తర్వాత మట్టికి. మీరే రాసిచ్చారుగా."

నవంబరుకల్లా జునిపర్ గోధుమరంగుకు తిరిగింది. వీధిలోవాళ్లు గోడ మీదుగా చూస్తారు కాబట్టి ఆయన రోజూ రెండు పూటలా రాగిడబ్బా పట్టుకుని దానికి నీళ్లు పోస్తూనే ఉన్నాడు. పోసిందంతా అడుగు రంధ్రంలోంచి కిందికి కారిపోతుంది. నేను నా గడ్డి మొక్క ఉన్న సాకే గిన్నెను తెచ్చి ఆ రంధ్రం కింద పెట్టాను.