పెద్దరికం సరే, పెత్తనం ఎక్కడిది?

దేవరాజ్ అయ్యగారి ప్రసంగంలో పోపు లేని ఆదివారం ఉండదు. ఆవాలూ ఎండుమిరపకాయల పోపు కాదు, రోమ్‌లో ఉండే పోపు. చిటపటలు మాత్రం రెండింటికీ ఒకటే. చందాపుర తెలుగు చర్చిలో ముందు వరసలో కూర్చునే పుష్పావతి టీచరుకు ఆ ఘాటంటే మహా ఇష్టం. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు సండేస్కూలు పిల్లలే ఆవిడ ప్రాణం.

ఆ రోజు సంస్కరణ ఆదివారం, ప్రొటెస్టంట్లు రోమ్ నుంచి విడిపోయిన రోజును తలుచుకునే పండుగ. పైగా చర్చి పెద్దాఫీసు నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి కూర్చున్నారు. అయ్యగారు మరీ రెచ్చిపోయారు.

“ప్రభువు సంఘానికి పునాది బండ అన్నది పేతురు అనే మనిషిని కాదు, పేతురు ఒప్పుకున్న విశ్వాసాన్ని! తొలినాళ్ళ రోమ్ సంఘాన్ని నడిపింది ఒక్కడు కాదు, పెద్దల గుంపు. పోపు తనకు వారసత్వంగా వచ్చిందని చెప్పుకునే పేతురు పీఠం కోసం వెతకండి, పీట కూడా దొరకదు! రాజధాని ఊరు కాబట్టి అక్కడి బిషప్పు మాట చెల్లింది. ఆ చెల్లుబాటే శతాబ్దాలపాటు పెరిగి కిరీటమైంది. పేతురుకు పెద్దరికం ఉంది, పెత్తనం లేదు. అంతియొకయలో ఆయన తప్పు చేస్తే పౌలు మొహం మీదే నిలదీయలేదా?”

ఆమేన్ అని అందరికంటే గట్టిగా అన్నది పుష్పావతే.

తర్వాత ప్రేమవిందు. నెలకోసారి చర్చి వెనక షెడ్డులో చాపలు పరిచి, అయ్యగారితో సహా అందరూ ఒకే పంక్తిలో తినడం అక్కడి ఆచారం. అయ్యగారి చోటు ఎప్పుడూ అంజినప్ప పక్కనే. అత్తిబెలె ఫ్యాక్టరీలో మూటలు మోసే అంజినప్ప నిరుడే బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు మార్చుకోబోతే అయ్యగారే వద్దన్నారు.

ఈసారి ఆ చోటు ఖాళీ.

“పెద్దోళ్ళొచ్చినారని ఆఫీసు రూములో టేబులేసినారంట టీచరమ్మా,” అన్నాడు అంజినప్ప, విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటూ. “మా చెమట వాసన వాళ్ళకి పడదేమోలే.”

నవ్వుతూనే అన్నాడు. పక్క విస్తరి వైపు మాత్రం చూడలేదు.

పుష్పావతి బిర్యానీ బకెట్టు ఎత్తుకుని ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పొద్దున రోమ్‌ను ఏకిపారేసిన మనిషి మధ్యాహ్నానికి రూమ్‌లో దూరి ఉన్నాడు.

“రండి టీచర్, ఇక్కడ వడ్డించండి,” అన్నారు అయ్యగారు.

“పంక్తి బయటుండాది అయ్యగారూ. మీ విస్తరి కూడా వేసేసినారు.”

“అతిథులున్నారు. సుమ్నే, ఊరికే రచ్చ చేయొద్దు.”

“అంతియొకయలో జరిగిందీ ఇదే కదా? యూదులు కాని అన్యజనులతో కూర్చుని తింటా ఉన్న పేతురు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే జంకి లేచి పక్కకు పోయినాడు. పొద్దున మీరు కథ సగంలో ఆపేసినారు. మిగతా సగం ఇదే.”

పెద్దల్లో ఒకాయనకు పొలమారింది. అయ్యగారి మొహం కందగడ్డ అయింది.

“ఈ సంఘానికి కాపరిని నేను. ఇక్కడ నా మాటే ఆఖరు. నన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు!”

“ఆ మాట పడకనే కదా మనోళ్ళు రోమ్‌తో తెగతెంపులు చేసుకునింది! ఆడుంటే తప్పు, ఈడుంటే ఒప్పా?”

“సండేస్కూలు తాళాలు అక్కడ పెట్టి వెళ్ళండి. వచ్చే వారం నుంచి మీకు క్లాసు లేదు.”

పుష్పావతి బకెట్టు కింద పెట్టింది. సండేస్కూలు గది గోడల మీద బొమ్మలన్నీ ఆవిడ పిల్లలు గీసినవే. కొంగుముడి విప్పి తాళాలు టేబుల్ మీద పెట్టింది.

“ఇవి గదికే అయ్యగారూ, నా నోటికి కాదు. షెడ్డులో చాపలుండాయి, ఆడనే చెప్తాను. బిర్యానీ ఊట కావాల్సినోళ్ళు పంక్తికి రండి.”

బకెట్టు ఎత్తుకుని వెనక్కి తిరిగింది. షెడ్డులో మొదటి గరిటె అంజినప్పకే వేసింది.

“ఏమన్నారమ్మా?”

“ఏమంటారు? వచ్చే ఆదివారం నీ కూతుర్ని ఈడికే పంపించు. క్లాసు ఈ చాప మీదనే.”

పంక్తి చివరిదాకా వడ్డించి వచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని ఖాళీ విస్తరి ముందు కూర్చోబోయింది.

“అయ్యో, అది అయ్యగారి చోటు!” అన్నాడు అంజినప్ప గాభరాగా.

“వారసత్వమేం కాదులేప్పా, జరుగు.”