రెండో తలుపు

పోశం మొదటి తలుపు మూసి, గొళ్లెం పడిన చప్పుడు విన్నాకే రెండోది తెరిచాడు. గనిలో గాలిని దారి మళ్లించే జంట తలుపులవి. రెండూ ఒకేసారి తెరుచుకుంటే గాలి దగ్గరి దారి పట్టి వెనక్కి పోతుంది, లోపల బొగ్గు తీసేవాళ్లకు ఊపిరాడదు. ముప్పై రెండేళ్లుగా అతని డ్యూటీ ఇదే. గాలి సరిగ్గా ఆడినంత కాలం తలుపులవాడు ఒకడున్నాడని ఎవరికి గుర్తుంటుంది?

ఆ రోజు మాత్రం అతని మనసు గనిలో లేదు. గోదావరిఖని క్వార్టర్‌లో తల్లి లస్మవ్వ మంచం పట్టి ఉంది. దవాఖాన వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె అడిగింది ఒక్కటే, కన్ను మూసేలోగా మొగుడి గొంతు వినాలని. రాజలింగు పగలు బొగ్గు నింపేవాడు, సాయంత్రం కాలనీలో ఒగ్గుకథ చెప్పేవాడు. పోయి ముప్పై ఏళ్లు.

ఆ కథలన్నీ, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపురూములో పనిచేసే అలీముద్దీన్ అప్పట్లోనే క్యాసెట్లలో పట్టాడు. రిటైరై చంద్రపూర్‌లో బిడ్డ దగ్గర ఉంటూ, రెండు వందల క్యాసెట్లనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరైనా దించుకునేలా, దించుకున్నవాళ్ల నుంచి ఇంకొకరికి అందేలా టోరెంటు పెట్టాడు. లేబుళ్లు ఊడిపోయాయి, ఎవరి గొంతు ఎక్కడుందో ఆయనకే తెలియదు. అన్నీ దించుకుని వెతుక్కోవాల్సిందే. అవేమో ముక్కలు ముక్కలుగా వస్తాయి. మూడు రోజుల్లో వచ్చింది పదకొండు శాతం. ఒక్క కథా తెరుచుకోలేదు.

మూడింటికి షిఫ్టు దిగి వచ్చి, చెవుల్లో బొగ్గు మసి అయినా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కేబుల్ ఆయన బిగించిన మోడెం ఒకటి, దాని వెనక మంచిర్యాలలో కొన్న రౌటర్ ఒకటి. వాటిలో పోర్టు అనే దారి తెరిస్తే వేగం వస్తుందని అలీముద్దీన్ చెప్పాడు. పోశం తెరుస్తూనే ఉన్నాడు, వేగం మాత్రం నత్తతో పందెం కట్టింది. చివరికి ఆయనకే ఫోన్ చేశాడు.

“రెండిట్ల తెరిచినవా పోశన్నా?”

“తెరిచిన భాయ్. ముందుగాల మోడెంల తెరిచి చూసిన. అది మూసి, రౌటర్ల తెరిచిన.”

“మూసుడెందుకు?”

“ఒకటి మూయకుంటే ఇంకోటి ఎట్ల తెరుస్తరు?”

అలీముద్దీన్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “ఇది బొగ్గు బాయి గాదే. రెండూ ఒక్కపారే బార్లా తెరువు. ఏం గాదు, నాది జిమ్మేదారి.”

పోశం మోడెంలో దారి తెరిచి, అలాగే వదిలేశాడు. ఆ వదిలేయడం అతనికి ఎంత కష్టమైందో చూసినవాళ్లు లేరు. రౌటర్‌లో రెండోదీ తెరిచాడు. సెకనుకు పన్నెండు కేబీల దగ్గర ఈడుస్తున్న వేగం వెయ్యి దాటింది, రెండు వేలు దాటింది.

“బాపు వస్తున్నడే అవ్వా,” అన్నాడు.

అయిదున్నరకల్లా మొత్తం దిగింది. నలభై ఏడో క్యాసెట్లో డోలు మోగింది, రాజలింగు గొంతు ఇల్లంతా నిండింది. కథ జోరు మీదుండగా ఆ గొంతు ఠక్కున ఆగింది. మాట మరిచిపోయాడు. డోలు ఒక్కటే కొట్టుకుంటోంది. అప్పుడు జనంలోంచి ఓ ఆడగొంతు కసిరింది: “గొర్ల మంద కాడ ఉన్నవ్, ఇగ ఏరు దాటు!”

లస్మవ్వ బోసినోటితో నవ్వింది. “నేనేరా. నీళ్ల బిందె నెత్తి మీద పెట్టుకొనే మాట అందిచ్చిన. ఎప్పుడూ గాడనే మరిచేటోడు.” మళ్లీ పెట్టమంది. మూడుసార్లు పెట్టాడు.

నాలుగోసారి రాజలింగు ఏరు దాటాడు. మంచం పట్టె మీద తాళం వేస్తున్న లస్మవ్వ వేళ్లు ఆగిపోయాయి. ముఖంలో నవ్వు అలాగే ఉంది. పోశం భోరున ఏడ్చాడు. ఏడుస్తూనే, అవ్వ అడిగింది తెచ్చివ్వగలిగానని గుండె నిండా గర్వపడ్డాడు.

మర్నాడు అవ్వను మట్టి చేసి వచ్చేసరికి, ఎక్కడెక్కడివాళ్లో ఆరుగురు అతని కంప్యూటర్ నుంచి ఆ కథలు తీసుకుంటున్నారు. పని అయిపోయింది కదా, దారులు మూసేద్దామని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఖాళీ మంచం పక్క గూట్లో, లస్మవ్వ కళ్లజోడు పక్కనే, రౌటర్ పచ్చదీపం ఆగకుండా కొట్టుకుంటోంది.