ముక్కు వంచితే దగ్గే విమానం

రెండువేల ఆరులో ఖలీద్‌కి రెండు యుద్ధవిమానాలుండేవి. రెండూ రెండో ప్రపంచయుద్ధం నాటి హరికేన్ రకానివే, రెండూ పడగ్గదిలో కంప్యూటర్లోనే. ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటలో తగిలించుకోడానికి రెండు కంపెనీలు విడివిడిగా చేసి అమ్మినవి. వాటిలో ఏది అసలుకి దగ్గరో తేల్చి ఇంటర్నెట్‌లో రాయాలని పది రోజులుగా కుస్తీ పడుతున్నాడు. తాడేపల్లిగూడెం బజార్లో అతను సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇంట్లో మాత్రం పైలట్. పైలట్‌కి టీ అందించే ఉద్యోగం భార్య నసీమాది.

"మామయ్యగారిని అడక్కపోయారా?" అంది నసీమా.

"మొదలెట్టావా!"

ఆ మామగారు, ఖలీద్ తండ్రి ఇమాం సాహెబ్ దిగులల్లా తన మాట ఎవరూ నమ్మరనే. యుద్ధం రోజుల్లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అప్పట్లో తెల్లవాళ్లు ఊళ్లో వేసిన రన్‌వే మీద హరికేన్ ఇంజన్లకి పనిచేశానంటారు. ఆ తరవాత యాభై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పారు. అది అందరూ నమ్మారు. విమానాల సంగతి కన్నకొడుకు కూడా నమ్మలేదు. "నేను పోయేలోగా ఒక్కడైనా నమ్మితే బావుణ్ణమ్మా," అన్నారోసారి కోడలితో, టీలో బిస్కెట్టు ముంచుకుంటూ.

నసీమా డిగ్రీ చదివింది, పైగా ఓపిక తక్కువ. వెళ్లి ఆయన్ని చెయ్యిపట్టి తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

ఆయన లారీలకి చూసినట్టే చూశారు. జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన కంప్యూటర్ డబ్బాకి ఆనించి, పిడి చెవికి నొక్కుకుని లోపలి చప్పుడు విన్నారు.

"బేరింగ్ పోయిందిరా దీనికి."

"అది కంప్యూటర్ ఫ్యాను బాబా! విమానం మోత స్పీకర్లోంచి వస్తంది!" ఖలీద్ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

ముసలాయన మొహం చిన్నబోయింది. అనవసరంగా తీసుకొచ్చానే అనుకుంది నసీమా. ఆయన లేవబోయి, ఆగారు.

"ముక్కు కిందికి తొయ్యి. నెమ్మదిగా కాదు, ఒక్కసారే."

"ఎందుకూ?"

"ఇంజన్ దగ్గుద్ది. కార్బురేటర్లో పెట్రోలు పైకి లేచిపోద్ది. పైలట్లు దిగొచ్చి మమ్మల్ని తిట్టేవోళ్లు. మా తప్పేం కాదు, దాని పుట్టుకే అంత."

ఖలీద్ తోశాడు. మొదటి హరికేన్ హాయిగా మోగుతూనే కిందికి దిగింది.

"చూశావా బాబా?"

"రెండోది కూడా తొయ్యండి," అంది నసీమా.

రెండోది ముక్కు వంచగానే ఇంజన్ ఠక్కున ఆగింది. గదిలో ఫ్యాను గరగర ఒక్కటే మిగిలింది. అంతలో విమానం గుప్పున నల్లపొగ కక్కి, రెండుసార్లు దగ్గి, మళ్లీ అందుకుంది.

"అదీ! అదేరా!" ఇమాం సాహెబ్ స్క్రూడ్రైవర్‌తో తెరని పొడవబోతే నసీమా చెయ్యి పట్టుకుంది.

ఖలీద్ రెండో విమానంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసి తిరగేశాడు. నలభైమూడో పేజీలో ఉంది, అచ్చం ఆయన చెప్పినట్టే. తండ్రికి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. పుస్తకం మూసి, కుర్చీ ఆయనవైపు తిప్పుకున్నాడు.

"ఎన్నాళ్లు చేశావు బాబా అక్కడ?"

ఆ జవాబుకి మూడు టీలు పట్టాయి. ఆఖరికి ఖలీద్ కీబోర్డు ముందుకు లాక్కుని, అనుభవమున్న ఒక మెకానిక్ చెప్పిన ప్రకారం రెండోదే నిజమైనదని ఇంగ్లీషులో కొట్టాడు.

"ఆ మెకానిక్కుకి పేరు లేదాండీ?" అంది నసీమా వెనకనుంచి.

అతను చెరిపేసి, 'మా నాన్న ఇమాం సాహెబ్, తాడేపల్లిగూడెం రన్‌వే' అని కొట్టాడు. నసీమా దాన్ని తెలుగులో మామగారికి చదివి వినిపించింది.

ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ అన్నారు:

"ఆ బేరింగ్ సంగతి కూడా రాయమనమ్మా. అదీ అబద్ధం కాదు."