పాలు పొంగిన రోజు

“గడపకు పసుపు మంచిగ పట్టియ్యి బిడ్డా. మీదమీద రాస్తె ఫోటోల కనపడది” అంటూ బాలమణి ఒక చేతిలో ఫోన్, చంకలో జాకెట్ ముక్కల సంచితో కోడల్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సుస్మిత పసుపు గిన్నెలో ఇంకొన్ని నీళ్ళు కలిపింది. కొత్త గడప, వార్నిష్ వాసన ఇంకా పోలేదు, ఎంత రాసినా పసుపు జారిపోతూనే ఉంది. వంగితే నడుము పట్టేస్తోంది, కూర్చుంటే పొత్తికడుపులో పిండినట్టవుతోంది. అందుకని ఒక మోకాలు నేల మీద ఆనించి, గోడ పట్టుకుని రాసింది. అత్తగారి నోట బిడ్డా అన్న మాట వచ్చిందంటే పని ఉందని అర్థం. పని చెడిందంటే మాత్రం “మీ అమ్మ గిదే నేర్పిందా?” అన్న మాట వస్తుంది. పెళ్ళయిన ఈ రెండేళ్ళలో సుస్మిత ఆ ఇంటి భాష బాగానే నేర్చుకుంది. ఇవాళ మాత్రం ఆ బిడ్డా అన్న మాట చెవిలో పడ్డప్పుడల్లా ఎవరో లోపల గిచ్చినట్టవుతోంది.

అసలు ఈ గృహప్రవేశం దసరా దాటాక చేద్దామనుకున్నారు. శామీర్‌పేట దాటాక వచ్చే వెంచర్‌లో మామగారు పర్వతాలు ఎప్పుడో కొనిపెట్టిన ప్లాటు అది. మేడ్చల్‌లో అద్దె ఇంట్లో ఉంటూ నెమ్మదిగా కట్టుకొస్తున్నారు. మేడ మెట్లకు రెయిలింగ్ పడలేదు, వంటింటి అరలకు తలుపులు లేవు. అయినా శ్రావణంలోనే ముహూర్తం పెట్టించడానికి కారణం సుస్మిత కడుపు. ఇంటి ఇల్లాలికి అయిదో నెల వచ్చిందంటే ఇక గృహప్రవేశం పనికిరాదని, పురుడయ్యాక కూడా చాలాకాలం ఆగాల్సి వస్తుందని ముహూర్తం పెట్టే అయ్యగారు చెప్పారు. దాంతో ఇల్లంతా పరుగులు. పెయింటర్లను, ఎలక్ట్రీషియన్‌ను పిలిచిన ప్రతిసారీ బాలమణి “మా కోడలు నీళ్ళాడేలోపల కావాలె” అని గొప్పగా చెప్పుకునేది. జైపాల్ అయితే మూడో నెల పడకుండానే రెండు పెద్ద చెప్పుల జతల మధ్య బుల్లి చెప్పుల జత పెట్టి, ఫోటో తీసి స్టేటస్ పెట్టేశాడు. జీడిమెట్లలో అతను సూపర్‌వైజర్‌గా చేసే మందుల కంపెనీలో షిఫ్టు మొత్తానికి స్వీట్లు పంచాడు. తొందరెందుకంటే, “సంబురం దాసుకునేటందుకా?” అన్నాడు. ఆ రోజు అతని ముఖం చూసి సుస్మితకు ముద్దొచ్చింది. అది అబద్ధం కాదు.

మొన్న ఆదివారం ఆ సంబరం అయిపోయింది. అద్దె ఇంటి మేడ మీద బట్టలు ఆరేసి దిగుతుంటే కాళ్ళ మధ్య వెచ్చగా తగిలింది. నర్సింగ్ హోంలో లేడీ డాక్టర్ స్కానింగ్ చూసి, తెర తన వైపు తిప్పేసుకుని, “మొత్తం పోయిందమ్మా. బాధపడకు, చిన్నదానివే, మళ్ళీ అవుతుంది” అంది. వారం రోజులు మంచం దిగొద్దంది. తిరిగి వస్తూ బండి మీద సుస్మిత జైపాల్ వీపుకు నుదురు ఆనించి ఉంది. అతని వీపు అదిరింది. ఏడుస్తున్నాడని తెలిసి, ఇంకాస్త దగ్గరికి జరిగింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. టెంట్ హౌస్ వాళ్ళు. బండి పక్కకి ఆపి, ముక్కు తుడుచుకుని, “కుర్చీలు ముందురోజు సాయంత్రమే దించుండ్రి అన్నా, షామియానా ఎర్రది వద్దు, తెల్లది” అని చెప్పాడు. మళ్ళీ బండి ఎక్కాక అతని వీపు అదరలేదు. పాపం, ఏడవడానికి కూడా అతనికి తీరిక దొరకలేదు. ఇద్దరూ కలిసి ఏడవాల్సిన ఏడుపు, ఆ తర్వాత సుస్మిత ఒక్కదానిదే అయిపోయింది.

ఆ సాయంత్రమే ఇంట్లో పంచాయితీ. బాలమణి కాసేపు కళ్ళొత్తుకుంది, నిజంగానే ఒత్తుకుంది. తర్వాత గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. “గీ ముహూర్తం తప్పితె మల్ల మంచి రోజులు జల్దీ లేవు. పిలుపులన్ని అయిపోయినయి. ఇప్పుడు గీ ముచ్చట బైటపడితె అయ్యగారు పూజల కూసోనిస్తడా? మైల అంటడు. మనం నోరు మూస్కుంటే దేవునికి ఎవలు చెప్తరు?” అంది. పర్వతాలు టీవీ సౌండు పెంచాడు. ఆ ఇంట్లో ఆయన అభిప్రాయం చెప్పే పద్ధతి అది.

సుస్మిత తెల్లబోయి అత్తగారి ముఖం చూసింది. నెలనెలా ఆ మూడు రోజులూ పచ్చడి జాడీ ముట్టుకోవద్దని, దేవుడి అర దిక్కు నీడ కూడా పడనివ్వద్దని, వేరే చాప, వేరే కంచం పెట్టిన మనిషి ఈమేనా? తను పాఠాలు చెప్పే స్కూల్లో రోజంతా ఎల్‌కేజీ పిల్లలతో అరిచి వచ్చి, వెనక గదిలో చాప మీద పడుకున్నప్పుడల్లా, ఇది ఈమె నమ్మకం కాబోలు, పెద్దావిడ కదా అని సర్ది చెప్పుకుంది. ఇన్నాళ్ళూ ఆ నమ్మకానికి ఇచ్చిన మర్యాదంతా దండగైందని ఆ రోజు తెలిసింది. మైల కూడా ఇంటి అవసరం చూసుకునే వస్తుందన్నమాట, పోతుందన్నమాట.

“అమ్మకన్న చెప్త” అంది.

“మీ అమ్మకు చెప్తె ఊకుంటదా? ఏడ్సుకుంట ఉరికొస్తది, అందరికి ఎరుకైతది” అన్నాడు జైపాల్. చెయ్యి పట్టుకుని, బతిమాలుతున్నట్టే అన్నాడు. “ఫంక్షన్ అయిపోనియ్యి సుస్మితా. తర్వాత ఎంత ఏడుస్తవో ఏడువు. నేనేమన్న వద్దంటనా?”

అలా ఆ ఏడుపుకి కూడా ముహూర్తం కుదిరింది. రోజూ అల్వాల్ నుంచి అమ్మ ఫోన్ చేసి, “ఏం తిన్నవ్ బిడ్డా? వాంతులు తగ్గినయా?” అని అడిగేది. “తగ్గినయమ్మా” అనేది సుస్మిత. అది కూడా అబద్ధం కాదు.

పొద్దెక్కేసరికి షామియానా కింద జనం నిండారు. ట్రాలీ ఆటోలో ఆవు, దూడ దిగాయి. కొత్త టైల్స్ మీద కాళ్ళు జారుతుంటే ఆవు బెదిరి, గుమ్మంలో మొండికేసింది. బంధువులంతా తలా ఒక వైపు నుంచి తోశారు. హాలు మధ్యకు వచ్చి నిలబడి, అది నింపాదిగా మూత్రం పోసింది. ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. “మస్తు శుభం! లక్ష్మి అడుగుపెట్టినట్టే!” అన్నారు. బాలమణి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ నీళ్ళు చేతిలో పట్టి గది గదికీ చల్లింది. పట్టుచీర కుచ్చిళ్ళ లోపల రెండు ప్యాడ్లు పెట్టుకుని, మరక పడుతుందేమోనని పది నిమిషాలకోసారి కొంగు వెనక్కి లాక్కుంటూ నిలబడ్డ సుస్మితకు గట్టిగా నవ్వొచ్చింది. ఆవుది శుభం. తనది దాచుకోవాల్సిన ముచ్చట. ఆ నవ్వు ఎక్కడ ఏడుపై బయటపడుతుందోనని పెదవి కొరుక్కుంది.

“గట్లనే నవ్వు, ఫోటో తీస్తున్నరు” అన్నాడు జైపాల్ పక్కనుంచి.

కొత్త గిన్నెలో పాలు పెట్టారు. పొయ్యి ముందు ఆమెను నిలబెట్టి, పొంగేదాకా కదలొద్దన్నారు. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. జైపాల్ మేనత్త అండాలు బుగ్గ గిల్లి, “ముఖం గుంజుకపోయింది. కొడుకే” అని తేల్చేసింది. ఇంకొకామె, “మా సృజనకు గిట్లనే అయితె ఆడపిల్ల పుట్టింది” అని పందెం కాసింది. నవ్వులు. అండాలు చొరవగా చీర పక్కకి తప్పించి, పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. “ఇంకేం తెలుస్తలేదు, చిన్నగనే ఉన్నడు” అంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, నిజమైన ప్రేమతో ఉంది. దాని కింద ఎవరూ లేరు. సుస్మితకు ఆ క్షణంలో ఎవరి మీదా కోపం రాలేదు. లోపల ఉన్నవాళ్ళెవరో వెళ్ళిపోయాక, వాళ్ళు ఉన్నట్టే పలకరిస్తున్న ఈ ముసలమ్మను చూస్తే, పోయిన ఆ ప్రాణం మీద గుండె చెరువయ్యేంత జాలి కలిగింది. పేరు పెట్టలేదు, ముఖం చూడలేదు. కనీసం పోయిందని ఒక్కరన్నా అనుకోవద్దా?

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

వ్రతం పీటల మీద కూర్చున్నంతసేపూ సుస్మిత అయ్యగారు చెప్పిన చోటల్లా అక్షింతలు వేసింది. కథ అయిపోయి, హారతి ఇచ్చాక, చీర సరిచేసుకునే నెపంతో వెనక గదిలోకి వెళ్ళింది. తలుపులకు ఇంకా గొళ్ళేలు పెట్టలేదు. తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అవతల వంటింట్లో జైపాల్‌తో మాట్లాడుతున్న బాలమణి గొంతు వినిపించింది.

“పది దినాలు ఆగి చెప్దాం తియ్యి. ఫంక్షన్‌ల బిందెలు ఎత్తింది, ఎంత చెప్పినా వినకుంట మెట్లు ఎక్కింది దిగింది, గందుకే పోయింది అని చెప్దాం. అప్పుడు ఎవ్వరు మనల అనరు.”

జైపాల్ ఏమంటాడోనని సుస్మిత తలుపుకు చెవి ఆనించింది. వద్దమ్మా అంటాడని అనుకుంది. ఆ ఒక్క మాట అంటే చాలు, ఈ అబద్ధం ఇంకో నెల మోస్తాననుకుంది.

“సరే తియ్యమ్మా. పెరుగు అయిపోవస్తాంది, జర చూడు” అన్నాడు జైపాల్.

తలుపు చెక్క చల్లగా తగిలింది. తన కడుపు పోయినందుకు ఇన్నాళ్ళూ ఏడవనివ్వలేదు. ఇప్పుడు అది పోగొట్టింది కూడా తనేనట. ఇక ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ సీమంతానికి వెళ్ళినా, ఆ అండాలత్తే మళ్ళీ బుగ్గ గిల్లి, “గా బిందెలు ఎందుకు ఎత్తినవే పిచ్చిదానా” అంటుంది. రేపు బిడ్డ పుట్టినా ఆ మాట పోదు. ఆ బిందెల మాట పుట్టించింది ఎవరో ఎవరికీ గుర్తుండదు. కొన్నాళ్ళకు తను కూడా నమ్మేస్తుంది.

“సుస్మితా! ఏడికి పోయింది పిల్ల?” బయట అమ్మ గొంతు.

హాల్లోకి వచ్చేసరికి తల్లి కమలమ్మ, తండ్రి గౌరయ్య పళ్ళాలు సర్దుతున్నారు. కూతురికి, అల్లుడికి పెట్టే కొత్త బట్టలు, పూలు, పండ్లు. వాటి పక్కనే పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు. ఒడిబియ్యం. పుట్టింటివాళ్ళు ఆడపిల్ల కొంగులో పోసి, నిండుగా ఉండమని దీవించే బియ్యం. గౌరయ్య ఆ బియ్యం రేషన్‌వి కావని, మంచివి ఏరి తెచ్చానని ఎవరూ అడక్కుండానే అందరికీ చెబుతున్నాడు.

“గదేంది వదినా, ఒడిబియ్యమా?” బాలమణి వంటింట్లోంచి ఉరికొచ్చింది. “కడుపుతోని ఉన్న పిల్లకు ఒడిబియ్యం పొయ్యరు. ఒడి నిండి ఉన్నంక మల్ల బియ్యం ఏంది?”

“మా దిక్కు అయిదో నెల దాక పోస్తరు వదినా” అంది కమలమ్మ నొచ్చుకుంటూ.

“మీ దిక్కు ఎట్లనో. మా ఇండ్లల్ల లేదు.”

అంతే, హాలు రెండు వర్గాలైంది. అల్వాల్ నుంచి వచ్చినవాళ్ళు పోయొచ్చన్నారు, మేడ్చల్‌వాళ్ళు పోయకూడదన్నారు. అండాలు తన ముగ్గురు కోడళ్ళనూ సాక్ష్యానికి తెచ్చింది. అయ్యగారు సంభావన కండువాలో చుట్టుకుంటూ, “అత్తగారింటి ఆనవాయితీ ఎట్లుంటే అట్ల చెయ్యండమ్మా” అని తప్పుకున్నారు. అందరూ సుస్మిత ఒడి గురించే మాట్లాడుతున్నారు. అందులో ఏముందో తెలిసిన ముగ్గురూ ఆ ముచ్చట మాత్రం ఎత్తలేదు. తెలియనివాళ్ళు నోరు మూయలేదు. సుస్మితను మాత్రం ఎవరూ అడగలేదు.

కమలమ్మ ముఖం చిన్నబోయింది. “సరే వదినా, మీ ఆనవాయితీ కాదంటనా. మనుమడు పుట్టినంక పోస్తం తియ్యి” అంటూ బియ్యం మీద బట్ట కప్పబోయింది. ఆ మనుమడు అన్న మాట అంటున్నప్పుడు, ఎంత దిగులుగా ఉన్నా, అమ్మ కళ్ళు మెరిశాయి. సుస్మిత చూసింది. ఇంకొక్క రోజు ఆగితే ఆ మెరుపు ఇంకాస్త పెరుగుతుంది. పది దినాలు ఆగితే, ఆ అమ్మే తనను “బిందెలెందుకు ఎత్తినవ్ బిడ్డా?” అని అడుగుతుంది.

జైపాల్ ఆమె ముఖం చూశాడు. ఏదో అర్థమైనట్టు తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు, బతిమాలుతున్నట్టు. అతన్ని చూస్తే ఆమెకు జాలేసింది. కానీ జాలిపడాల్సినవాళ్ళు ఇంకొకరున్నారు, వాళ్ళ తరఫున ఈ ఇంట్లో మాట్లాడేది తనొక్కతే.

సుస్మిత వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చుంది. రెండు చేతులా కొంగు పట్టి తల్లి ముందు చాపింది.

“ఆదివారమే కడుపు పోయిందమ్మా” అంది, అందరికీ వినపడేట్టు. “నా ఒడి ఖాళీగనే ఉంది. పొయ్యి.”