వియ్యంకుల వ్యానుకి చక్రాలు

టైర్ల షాపతను వెనక చక్రం విప్పి, గుడ్డతో తుడిచి, అంచు మీద వేలు పెట్టి చూపించాడు. వెంట్రుకంత సన్నగా, బెత్తెడు పొడుగున పగులు.

"మిగతా మూడూ దీంతోపాటు పుట్టినవే సార్. నేనైతే వీటి మీద వీధి చివరిదాకా కూడా వెళ్ళను" అన్నాడు.

అలా మొదలైంది తూకాల మేస్త్రి తలనొప్పి. ముప్పై ఆరేళ్ళు తూకం యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషి ఆయన. నగల కొట్టు కాటా దగ్గర్నుంచి లారీలు తూచే వేబ్రిడ్జి దాకా ఆయన చెయ్యి పడనిది లేదు. ఆ వ్యాను ఆయనొక్కడిదే అయ్యుంటే పని వారంలో తేలిపోయేది. కానీ అందులో సగం వియ్యంకుడిది. కూతురి పెళ్ళైన మరుసటి ఏడాది, ఇద్దరూ మంచి హుషారులో ఉండగా, మడత మంచం, చిన్న స్టవ్వు, పైకి లేచే కప్పు ఉన్న ఆ నలభై ఏళ్ళ నాటి క్యాంపర్ వ్యాన్‌ని కలిసి కొన్నారు. ఈ వేసవిలో ఆలుమగలు నలుగురూ అందులో నెల్లాళ్ళు తిరిగి రావాలనుకున్నారు. వియ్యంకుడు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మనిషి మంచివాడే. వచ్చిన చిక్కంతా అదే. మంచివాడితో, పైగా పిల్లనిచ్చిన చోట, కాదని ఎలా అనడం?

కంపెనీ ఆ అల్లాయ్ చక్రాలు చెయ్యడం ఎప్పుడో మానేసింది. మేస్త్రి వ్యాను కింద దూరి, బోల్టుల మధ్య దూరం, నడిమి రంధ్రం, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో అన్నీ కొలిచి రాసుకున్నాడు. అంతటితో ఆగక, షాపతన్ని బతిమాలి పాత ఇనుప చక్రాలు నాలుగు తాత్కాలికంగా బిగించుకుని, నీళ్ళ ట్యాంకు నింపి, గ్యాసు సిలిండరు, పరుపులు, గిన్నెలు ఎక్కించి వేబ్రిడ్జి మీదికి తోలాడు. వెనక ఒక్కో చక్రం మీద ఆరువందల ముప్పై కిలోలు తేలింది. ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు.

మర్నాడే వియ్యంకుడి నుంచి ఫోన్లో ఒక బొమ్మ వచ్చింది. పది సన్నటి ఊచలతో తళతళలాడే చక్రం. ఆ వెనకే ఫోను.

"ఎలా ఉన్నాయి బావగారూ?"

"బాగున్నాయి బావగారూ. కాకపోతే కొంచెం... బరువు సంగతి చూడాలేమో."

"మీరెలా అంటే అలాగే. నాదేముంది!"

ఫోను పెట్టేశాక మేస్త్రి పళ్ళు కొరుక్కున్నాడు. ఆ చక్రం చిన్న కార్లది. ఐదొందల అరవై కిలోలకి మించి మొయ్యదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగింది.

తర్వాతి మూడు వారాలూ ఇదే తంతు. ఒక సెట్టు బిగించి చూస్తే బ్రేకుకి రాసుకుంది. ఇంకోటి బోల్టులకి సరిపోయింది గానీ బయటికి పొడుచుకొచ్చింది. ప్రతిసారీ వియ్యంకుడు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి చూసి, "వంక పెట్టడం కాదు గానీ బావగారూ, వ్యాను ముఖానికి నప్పలేదు" అనేవాడు. చివరికి షాపతను స్పానరు కింద పెట్టేశాడు. "సార్, మీరిద్దరూ ఇంట్లో తేల్చుకుని రండి. నాకు వేరే పనులున్నాయి."

ఆ కోపం మేస్త్రి ఇంటికొచ్చి భార్య మీద చూపించాడు.

"ఆయన ముందు నోరు పెగలదు, నా మీదైతే గయ్యిమంటారు" అందావిడ. "చెప్పొచ్చుగా ఆ మాటేదో!"

"చెప్తే అమ్మాయి ఊరుకుంటుందా? మా మావయ్యగారిని అంత మాట అంటావా నాన్నా అని తగులుకోదూ?"

నాలుగో వారంలో, పక్క ఊళ్ళో పాత వ్యాన్ల సామాన్లు అమ్మే ఒకావిడ దగ్గర సెట్టు కనపడింది. ఐదు లావుపాటి ఊచలు, మాసిన వెండి రంగు. లోపలి అంచు మీద పోతలోనే మోసే బరువు అంకె ఉంది: ఏడువందల కిలోలు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. వియ్యంకుడు ఫొటో చూశాడు. "బాగానే ఉన్నాయి లెండి. మీ ఇష్టం" అన్నాడు. ఆ 'బాగానే'లోని సాగదీత వినపడనట్టు ఊరుకుని, మేస్త్రి వెంటనే ఖాయం చేసేశాడు.

రెండ్రోజులాగి ఇద్దరూ కారులో వెళ్ళారు. ఆవిడ తెల్లబోయింది.

"అదేంటండీ, వారం ఆగమని మీవాళ్ళే ఫోన్ చేశారుగా? ఇది తెగే బేరం కాదనుకుని నిన్ననే ఇంకొకాయనకి ఇచ్చేశాను."

మేస్త్రి పక్కకి తిరిగాడు. వియ్యంకుడు షెడ్డు కప్పు వైపు చూస్తున్నాడు.

"మీరేనా?"

"ఇంకో రకం కనపడింది బావగారూ. మీకు చూపిద్దామని..."

నెల్లాళ్ళుగా మింగిందంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది.

"మీకు కళ్ళే గానీ బుర్ర లేదా బావగారూ! అదేమైనా గోడకి తగిలించే పటమా? అందులో మన పెళ్ళాలు కూర్చుంటారండీ! మీరు ముచ్చటపడ్డ వాటిల్లో ఆ బరువు మోసేది ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి!"

అంత కోపంలోనూ గారూ, అండీ వదల్లేదు. షాపావిడ ఏదో పనున్నట్టు లోపలికి తప్పుకుంది.

వియ్యంకుడి ముఖం పాలిపోయింది, ఆ తర్వాత ఎర్రబడింది. "మరి చెప్పరేం? ప్రతి బొమ్మకీ బాగున్నాయి, బాగున్నాయి అన్నదెవరు? మీకు నచ్చుతున్నాయి, ఎటూ తేల్చుకోలేకపోతున్నారనుకున్నాను!"

"బరువు చూడాలన్నానుగా!"

"చూడాలేమో అన్నారు. చూశానని, చాలదని అన్నారా?"

మేస్త్రి జేబు తడుముకున్నాడు. కొలతల కాగితం చొక్కా జేబులోనే ఉంది. తీసి ఇచ్చాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తర్వాత వెళ్ళి, నమూనాకని డిక్కీలో తెచ్చిన పాత చక్రం అంచు మీది పగులు తడిమి చూశాడు.

"ఇంత పొడుగా? ఏదో చిన్న గీత అనుకున్నాను" అన్నాడు మెల్లగా.

తిరిగొచ్చి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రం కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, మావయ్యగారు ముభావంగా కూర్చున్నారు. ఏమన్నావు?"

"అనాల్సిందే అన్నాను. నెల ఆలస్యంగా అన్నాను."

"రేపు పొద్దున్నే మన ఇంటికొస్తారట. మళ్ళీ మొదలుపెట్టకండి."

వచ్చాడు. క్షమించమని ఆయనా అనలేదు, ఈయనా అనలేదు. టేబుల్ దగ్గర కూర్చుని తొమ్మిది చోట్లకి ఫోన్లు చేశారు. చేజారిన రకానివి నాలుగూ ఒకచోట దొరకలేదు. రెండు ఒకచోట, రెండు ఇంకోచోట దొరికాయి. అదే పోత, అదే అంకె, కానీ రెండు తళుక్కుమంటున్నాయి, రెండు బూడిద రంగు. మాస్టారు రంగు కలిపి పూశాడు, ఆరాక చూసి గీకేశాడు, మళ్ళీ పూశాడు.

"కలవలేదు" అన్నాడు.

"అస్సలు కలవలేదు" అన్నాడు మేస్త్రి.

ఈ లోపల వేసవి దాటిపోయింది. నెల్లాళ్ళు తిరగాలనుకున్న ప్రయాణం రెండు రోజులకి కుదించుకుని, జల్లులోనే బయల్దేరారు. మెరిసేవి ముందు, బూడిదవి వెనక. యాభై కిలోమీటర్లు పోయాక బోల్టులు మరోసారి బిగించాలని షాపతను చెప్పాడు కాబట్టి ఒక పెట్రోలు బంకు పక్కన ఆపారు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుంటే, మాస్టారు గొడుగు పట్టాడు, నీళ్ళన్నీ సరిగ్గా మేస్త్రి మెడ మీద పడేలా.

"ఇటు పట్టండి మహానుభావా!"

"మీరే అటు జరిగారు!"

వెనక సీట్లో వియ్యపురాళ్ళిద్దరూ కిటికీ అద్దం మూసేసుకున్నారు. మూడో బోల్టు పావు తిప్పు కదిలింది. మేస్త్రి దాన్ని బిగించి, గొణుక్కుంటూ తర్వాతిదానికి జరిగాడు.